ఎక్స్ క్లాస్ ఫ్లేర్ అన్నారు, మూడు రోజులైనా ఏమీ జరగలేదు. అసలు దేన్ని చూడాలి?

నింగిచూపు:

అందరికీ నమస్కారం. సూర్యుడి మీద ఎక్స్ క్లాస్ ఫ్లేర్ వచ్చిందని, రెండు రోజుల్లో భూమికి అయస్కాంత తుఫాను తగులుతుందని వార్తలు చూసి, కేపీ ఇండెక్స్ (భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలంగా ఉందో 0 నుంచి 9 వరకు చెప్పే అంకె) గ్రాఫ్ తెరిచిపెట్టుకుని కూర్చున్నాను. రెండు రోజులు గడిచాయి, మూడో రోజూ అయిపోయింది, కేపీ 3 దాటితే ఒట్టు. పోనీలే అనుకుందామంటే, అంతకు కొన్ని వారాల ముందు ఫ్లేర్ అన్న మాటే ఎక్కడా వినపడకుండా జీ3 తుఫాను (జీ1 నుంచి జీ5 వరకున్న స్కేలులో) వచ్చి వెళ్లిపోయిందట, అది నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

ఉపగ్రహాల ఫొటోలు, గ్రాఫులు అన్నీ ఫ్రీగానే దొరుకుతున్నాయి. కానీ ఒక్కో పేజీలో పది గ్రాఫులు, వాటిలో ఏది ముందు చూడాలో, దేన్ని నమ్మాలో తెలియట్లేదు. నాకు టెలిస్కోపు లేదు. ఒక పేలుడు జరిగిన దగ్గర్నుంచి అది భూమిని తాకేదాకా (లేదా తప్పిపోయేదాకా) మనంతట మనమే ఫాలో అవ్వాలంటే ఎలా చేస్తారో ఎవరైనా చెప్పండి. ఇంకోటి, వచ్చే టైమ్ విషయంలో ఇన్ని గంటల తేడా ఎందుకు వస్తుంది?


మచ్చల_లెక్క:

వార్తల్లో రెండు వేరు వేరు సంగతుల్ని ఒకే ముద్దగా కలిపేస్తారండీ, గందరగోళం అంతా అక్కడే మొదలవుతుంది. ఫ్లేర్ అంటే వెలుగు. ఎక్స్‌రేలు, అతినీలలోహిత కిరణాలు. అది 8 నిమిషాల 20 సెకన్లలో భూమికి వచ్చేస్తుంది, అంటే మనకు ఫ్లేర్ కనిపించే సరికే దాని పని అయిపోతూ ఉంటుంది. రెండు రోజుల తర్వాత వచ్చేది ఫ్లేర్ కాదు, సీఎంఈ, అంటే కరోనల్ మాస్ ఎజెక్షన్. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలోంచి వందల కోట్ల టన్నుల ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) తన అయస్కాంత క్షేత్రాన్ని కూడా మోసుకుని బయటకు ఊడి రావడం అన్నమాట. సెకనుకు 250 కిలోమీటర్ల వేగంతో బద్ధకంగా వచ్చేవీ ఉన్నాయి, 3,000 దాకా వెళ్లేవీ ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం. ఫ్లేర్ పెద్దదైతే సీఎంఈ కూడా ఉంటుందని గ్యారంటీ లేదు. 2014 అక్టోబర్‌లో 12192 అనే మచ్చల గుంపు మన వైపు తిరిగింది, ఆ సౌర చక్రంలోకెల్లా పెద్దది. అది ఆరు ఎక్స్ క్లాస్ ఫ్లేర్లు కొట్టింది, వాటిలో ఒకటి ఎక్స్3.1. కానీ ఆ ఆరింటితోనూ చెప్పుకోదగ్గ సీఎంఈ ఒక్కటీ రాలేదు. పైనున్న బలమైన అయస్కాంత క్షేత్రం మూతలా పట్టేసి ఉంచింది, వెలుగు బయటకొచ్చింది గానీ ప్లాస్మా బయటపడలేకపోయింది. దీనికి పూర్తిగా రివర్స్ కేసు 2023 ఏప్రిల్ 21న జరిగింది. ఫ్లేర్ ఎంతనుకున్నారు, ఎం1.7. ఎవరూ హెడ్‌లైన్ పెట్టే సైజు కాదు. కానీ దాంతోపాటు ఒక పొడవాటి ఫిలమెంట్ (సూర్యుడి పైన అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచే కాస్త చల్లటి ప్లాస్మా తీగ) లేచి వచ్చింది, రెండు రోజుల తర్వాత, ఏప్రిల్ 23, 24 తేదీల్లో జీ4 తుఫాను. మీకు తెలియకుండా వచ్చిన ఆ జీ3 కూడా ఫిలమెంట్ వల్లో, కరోనల్ హోల్ (కరోనాలో అయస్కాంత క్షేత్రం బయటకు తెరుచుకుని ఉన్న చోటు) నుంచి వచ్చే వేగమైన సౌర గాలి (సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే ప్లాస్మా) వల్లో అయ్యుంటుంది.

కాబట్టి క్లాసులు ఏంటో తెలుసుకోండి (ఏ, బీ, సీ, ఎం, ఎక్స్, ఒక్కో మెట్టు కిందదానికి పది రెట్లు, ఎక్స్1 అంటే ఎం10 కింద లెక్క), కానీ ఆ అంకెని చూసి ఉత్సాహపడటం మానేయండి. సూర్యుణ్ణి కనిపెట్టి ఉండే అమెరికా గోస్ ఉపగ్రహాల ఎక్స్‌రే గ్రాఫులో నేను అంకెకన్నా ముందు ఆకారం చూస్తాను. సూదిలా లేచి పదిహేను నిమిషాల్లో పడిపోయిందంటే చాలాసార్లు సీఎంఈ ఉండదు. నెమ్మదిగా లేచి గంటలకొద్దీ దిగకుండా సాగుతోందంటే, అది ఎం క్లాసే అయినా సరే, వెంటనే బొమ్మల దగ్గరకు పరిగెత్తాల్సిందే.

బొమ్మలంటే ముందు ఎస్‌డీఓ, సూర్యుణ్ణి చూసే నాసా ఉపగ్రహం. 2010లో పంపారు, పన్నెండు సెకన్లకోసారి ఫొటో తీస్తూనే ఉంటుంది, హీలియోవ్యూయర్ అనే వెబ్‌సైట్‌లో మీరే వీడియో చేసుకోవచ్చు. 304 ఆంగ్‌స్ట్రామ్ తరంగదైర్ఘ్యంలో ఫిలమెంట్లు బాగా కనబడతాయి, 193లో పేలుడు తర్వాత చుట్టుపక్కల కరోనా నల్లబడటం కనబడుతుంది. ఆ నల్లబడటం, అంటే డిమ్మింగ్, నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు. అక్కడుండాల్సిన ప్లాస్మా వెళ్లిపోయింది కాబట్టే అక్కడ ఖాళీ. తర్వాత ఆ చోటే వరుసగా వంపు తిరిగిన లూపులు మెరుస్తూ పేరుకుంటాయి. ఈ రెండూ చూశానంటే సీఎంఈ బయల్దేరిందనే అనుకుంటాను. (మార్చి, సెప్టెంబర్ చుట్టుపక్కల రోజూ కాసేపు ఎస్‌డీఓ బొమ్మ మొత్తం నల్లగా అయిపోతుంది, అడ్డంగా భూమి వస్తుంది అంతే, దాన్ని పట్టుకుని సూర్యుడు ఆరిపోయాడని వీడియోలు చేసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.)

ఆ తర్వాత కరోనాగ్రాఫ్. సూర్యుడి ముఖాన్ని ఒక పళ్లెంతో మూసేసి చుట్టూ ఉన్న సన్నటి వెలుగును చూసే కెమెరా. 1995లో వెళ్లిన సోహో ఉపగ్రహం మీద లాస్కో సీ2, సీ3 అనే కరోనాగ్రాఫ్‌లు ఉన్నాయి, ఇప్పుడు గోస్-19 మీద సీకార్-1 కూడా వచ్చింది, మన ఆదిత్య-ఎల్1లో వెల్క్ ఉంది. లాస్కోలో సీఎంఈ ఒక పక్కకే ఉబ్బుతూ వెళ్తే అది మన వైపు కాదు. పళ్లెం చుట్టూ ఉంగరంలా నాలుగు వైపులా విచ్చుకుంటే దాన్ని హేలో అంటారు. అది మన వైపన్నా వస్తోంది, లేదా సరిగ్గా వెనక్కన్నా వెళ్తోంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి! అందుకే ఎస్‌డీఓ బొమ్మ ముందు చూడమన్నది. ఆ టైముకి మనకు కనిపించే ముఖం మీద ఏ డిమ్మింగూ, ఏ ఫిలమెంటూ లేకపోతే పేలుడు వెనక వైపు జరిగినట్టు, టెన్షన్ అక్కర్లేదు.

వేగం కూడా మీరే లెక్కేసుకోవచ్చు. సీ3 సుమారు పన్నెండు నిమిషాలకో ఫ్రేమ్ ఇస్తుంది, పళ్లెం మీద సూర్యుడి అసలు సైజు తెల్ల గీతతో గుండ్రంగా గీసి ఉంటుంది. ముందంచు ఒక గంటలో ఐదు సౌర వ్యాసార్ధాలు జరిగిందనుకోండి. ఒక వ్యాసార్ధం 6.96 లక్షల కిలోమీటర్లు, ఐదంటే 34.8 లక్షలు, 3,600తో భాగిస్తే సెకనుకు దాదాపు 967. 15 కోట్ల కిలోమీటర్లకు ఆ లెక్కన 43 గంటలు. ఇది మొదటి అంచనా మాత్రమే, దీన్ని నమ్మేసి అలారం పెట్టుకోవద్దు, ఎందుకో కింద ఎవరో ఒకరు చెప్తారు, నాకు టైపు చేసి వేళ్లు నొప్పులు పుడుతున్నాయి.


చిన్నతరంగం:

పైన చెప్పినదంతా బాగుంది గానీ అంతా కళ్లతోనే చూడమంటున్నారు. మా షార్ట్‌వేవ్ రేడియో వాళ్లకు చెవులే ముందు చెప్తాయి. పగటి పూట హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) బ్యాండ్ మీద బాగా వినబడుతున్న స్టేషన్లన్నీ ఒక్కసారిగా మాయమైపోయి, గంటకో అరగంటకో నెమ్మదిగా తిరిగొస్తే అది రేడియో చెడిపోయినట్టు కాదు, ఫ్లేర్. ఎక్స్‌రేలు వచ్చి పై వాతావరణంలోని అయనోస్ఫియర్ కింది పొర అయిన డీ లేయర్‌ని గట్టిగా అయనీకరిస్తాయి, అది మన తరంగాల్ని మింగేస్తుంది. దీన్నే ఆర్1 నుంచి ఆర్5 వరకు స్కేలు మీద చెప్తారు, ఎం1 ఫ్లేర్ దగ్గర ఆర్1 మొదలు, ఎక్స్1కి ఆర్3. రాత్రి ఉన్న సగం భూమికి ఇదేమీ ఉండదు.

టెలిస్కోపు లేదన్నారు కదా, మీరు వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ) రిసీవర్ గురించి చదవండి. జలాంతర్గాములకు సందేశాలు పంపే ట్రాన్స్‌మిటర్లు 15 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య రోజంతా పంపుతూనే ఉంటాయి. ఒక లూప్ యాంటెన్నా, కంప్యూటర్ సౌండ్ కార్డు ఉంటే వాటి బలాన్ని గ్రాఫు గీసుకోవచ్చు. ఫ్లేర్ రాగానే ఆ గీత చటుక్కున లేచి మెల్లగా దిగుతుంది, కొన్ని దారుల్లో తలకిందులుగా పడి లేస్తుంది. మబ్బు పట్టినా పనిచేస్తుంది. అయస్కాంతం గురించి ఇది ఏమీ చెప్పదు, కానీ సొంతంగా ఒక ఫ్లేర్‌ని పట్టుకున్న తృప్తి వేరు.

రేడియోలో ఇంకో ముఖ్యమైన గుర్తు టైప్ 2 బరస్ట్. సీఎంఈ ముందు షాక్ ఏర్పడితే అది రేడియో తరంగాలు పుట్టిస్తుంది, షాక్ పైకి వెళ్లేకొద్దీ ప్లాస్మా పల్చబడుతుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ కిందికి జారుతూ పోతుంది. ఎంత త్వరగా జారిందో చూసి షాక్ వేగం అంచనా వేస్తారు. ఈ-కలిస్టో అని ప్రపంచమంతటా చిన్న చిన్న స్టేషన్ల నెట్‌వర్క్ ఉంది, వాళ్ల స్పెక్ట్రమ్ బొమ్మలు ఎవరైనా చూడొచ్చు. లాస్కో ఫొటోలు కొన్నిసార్లు గంటలు లేటుగా వస్తాయి, ఆ ఖాళీలో టైప్ 2 రిపోర్టు ఒక్కటే ఆధారం.


పాఠకుడు_77:

ఇంటర్నెట్ మొత్తం పోతుంది, ఫోన్లు ఆఫ్ చేసి పెట్టుకోవాలి అని ఒక మెసేజ్ తిరుగుతోంది, నిజమేనా?


మచ్చల_లెక్క:

ఫోన్‌కి ఏమీ కాదండీ. అయస్కాంత తుఫాను కరెంటు పుట్టించేది వందల కిలోమీటర్ల పొడవున్న వైర్లలో, జేబులో ఉన్న వస్తువులో కాదు. దెబ్బ తినేవి పవర్ గ్రిడ్లు (1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్‌లో నిమిషంన్నరలో గ్రిడ్ కూలిపోయి 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు), ఉపగ్రహాలు, జీపీఎస్ ఖచ్చితత్వం. 2022 ఫిబ్రవరిలో వచ్చింది చిన్న తుఫానే, కానీ పై వాతావరణం వేడెక్కి ఉబ్బడంతో అప్పుడే ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాల్లో 38 వరకు కక్ష్య ఎక్కలేక కిందపడి కాలిపోయాయి. ఆ మెసేజ్ పంపినవాళ్లకు ఈ పేరా పంపించండి.


ఎల్1_కాపలా:

ఇంతసేపు అందరూ సూర్యుడి దగ్గరే ఉండిపోయారు. అది సగం కథ కూడా కాదని నా అభిప్రాయం. పెద్ద సీఎంఈ, మంచి వేగం, సూటిగా మన మీదకే, అన్నీ కుదిరినా తుఫాను రాకపోవచ్చు. ఎందుకంటే తుఫాను వస్తుందా రాదా అన్నది దాని లోపలి అయస్కాంత క్షేత్రం ఏ దిక్కుకు ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. భూమి క్షేత్రం మన ముందు వైపు ఉత్తరానికి చూస్తూ ఉంటుంది. వచ్చేది దక్షిణానికి ఉంటే రెండూ తెగి కలుసుకుని, సౌర గాలి శక్తికి తలుపు తెరుచుకుంటుంది. వచ్చేదీ ఉత్తరానికే ఉంటే చాలావరకు పక్క నుంచి జారిపోతుంది. మూట ఎంత పెద్దదో, ఎంత జోరుగా వస్తోందో దూరం నుంచి తెలుస్తుంది, లోపల ఏముందో విప్పి చూసేది మాత్రం మన గుమ్మం దగ్గరే.

ఆ గుమ్మం ఎల్1 అనే చోటు, భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు, సూర్యుడి వైపు. 1997లో వెళ్లిన ఏస్, 2015లో వెళ్లిన డిస్కవర్ అక్కడే ఉన్నాయి, అవి పాతబడుతున్నాయని 2025 సెప్టెంబర్‌లో ఎస్‌డబ్ల్యూఎఫ్ఓ-ఎల్1ని కూడా పంపారు. మీరు చూడాల్సిన గీతలు నాలుగు: గాలి వేగం, సాంద్రత, మొత్తం అయస్కాంత బలం బీటీ, దాని ఉత్తర దక్షిణ భాగం బీజెడ్. షాక్ తగిలితే వేగం, సాంద్రత, బీటీ మూడూ ఒకే నిమిషంలో మెట్టులా ఎగురుతాయి, చూస్తే గుర్తుపట్టకుండా ఉండలేరు. అక్కడి నుంచి భూమికి ఎంతసేపంటే, వేగం సెకనుకు 500 కిలోమీటర్లయితే 50 నిమిషాలు, 1,000 అయితే 25 నిమిషాలు. అంతే మనకున్న టైము. ఇన్ని ఉపగ్రహాలు పెట్టుకుని, రెండు రోజులు ముందే చూసి, చివరికి అరగంట ముందు గానీ అసలు సంగతి తెలియదన్నమాట! నాకైతే ఇదే ఈ సబ్జెక్టులో మజా, అధికారికంగా హెచ్చరికలు ఇచ్చేవాళ్లకు మాత్రం ఇదే తలనొప్పి.

కొత్తవాళ్లు ఇక్కడొక దగ్గర బోల్తా పడతారు. షాక్ వచ్చింది, బీజెడ్ చూస్తే ప్లస్‌లో ఉంది, గంటసేపు అలాగే ఉంది, ఇక ఏం లేదని మూసేసి పడుకుంటారు. ముందు వచ్చేది షీత్, అంటే సీఎంఈ తన ముందు తోసుకొచ్చిన నలిగిన సౌర గాలి, అందులో బీజెడ్ పైకీ కిందికీ పిచ్చిగా కొట్టుకుంటుంది. దాని వెనక కొన్ని గంటలకు అసలు సీఎంఈ శరీరం వస్తుంది, మెలి తిరిగిన తాడు లాంటి క్షేత్రం, అందులో బీజెడ్ గంటల తరబడి నున్నగా ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు తిరుగుతుంది. మొదట ఉత్తరం ఉండి చివర్లో దక్షిణానికి తిరిగేవి ఉంటాయి, అప్పుడు తుఫాను వెనక సగంలో వస్తుంది. కాబట్టి బీటీ 20 నానోటెస్లాలకు పైన నిలబడి ఉన్నంతసేపు నేను స్క్రీన్ వదలను, బీజెడ్ ఎటున్నా సరే. బలం ఉంది, తిరగడమే తరువాయి.

2024 మే 10న ఏమైందో గుర్తుంది కదా. 13664 మచ్చల గుంపు వరసగా సీఎంఈలు విసిరింది, వెనకవి ముందువాటిని అందుకుని గుద్దుకుని ఒకటైపోయి వచ్చాయి, బీజెడ్ మైనస్ 50 నానోటెస్లా దగ్గరకు పడింది. 2003 అక్టోబర్ తర్వాత మొదటి జీ5 అదే. తుఫాను బలాన్ని చెప్పే డీఎస్‌టీ సూచిక (ఎంత మైనస్ అయితే అంత పెద్ద తుఫాను) మైనస్ 400 దాటింది. మామూలు రోజుల్లో బీజెడ్ ప్లస్ మైనస్ ఐదు మధ్య ఊగుతూ ఉంటుంది, పోల్చుకోండి.

కేపీ గురించి ఒక మాట. అది మూడు గంటలకు ఒక అంకె, ప్రపంచంలో 13 అబ్జర్వేటరీల రీడింగుల నుంచి తీసింది. అంటే కేపీ 7 అని మీరు చూసే సరికి ఆ పని అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ముందే తెలుసుకోవాలంటే బీజెడ్, జరుగుతున్నది చూడాలంటే భూమ్మీది మాగ్నెటోమీటర్ల లైవ్ గీతలు. కేపీ రికార్డు రాసుకోవడానికి బాగుంటుంది.


నింగిచూపు:

ఇంత వివరంగా వస్తుందని అనుకోలేదు, థాంక్స్. నేను చూసిన ఆ ఎక్స్ ఫ్లేర్ ఎస్‌డీఓ వీడియో ఇప్పుడే వెనక్కి వెళ్లి చూశాను. ఫ్లేర్ కుడి వైపు అంచు దగ్గర జరిగింది. లాస్కోలో సీఎంఈ ఉంది, కానీ అంతా కుడి పక్కకే పోయింది. అంటే మొదటి రోజే తప్పిపోతుందని తెలిసిపోయి ఉండాలి, అవునా? అయినా రెండు రోజుల్లో తగులుతుందని ఎలా రాశారు? పైగా ఆ రోజు లాస్కో బొమ్మల నిండా తెల్ల చుక్కలు మంచు కురిసినట్టు ఉన్నాయి, అవి ఏమిటి?


చిన్నతరంగం:

ఆ చుక్కలు ప్రోటాన్లు. కెమెరా సెన్సార్‌కి నేరుగా వచ్చి గుద్దుకుంటున్నాయి. ఫ్లేర్ వెలుగు ఒకటి, సీఎంఈ ఒకటి, ఇది మూడోది, దీన్ని రేడియేషన్ తుఫాను అంటారు, స్కేలు ఎస్1 నుంచి ఎస్5. ఇవి కాంతి వేగంలో పెద్ద భాగంతో పరిగెత్తుతాయి కాబట్టి అరగంట, గంట లోపే వచ్చేయగలవు. తమాషా ఏంటంటే కుడి అంచు వైపు, అంటే పడమర వైపు జరిగిన పేలుళ్ల సీఎంఈ మనల్ని తప్పిపోతుంది గానీ ప్రోటాన్లు మాత్రం బాగా తగులుతాయి. సూర్యుడు తిరుగుతూ ఉండటం వల్ల అయస్కాంత రేఖలు సూటిగా కాకుండా వంపు తిరిగి భూమికి వస్తాయి, ఆ రేఖ అవతలి కొస సూర్యుడి పడమర సగం మీద ఉంటుంది, ప్రోటాన్లు ఆ రేఖ పట్టుకునే నడుస్తాయి. కాబట్టి మీ రోజున ఏమీ జరగలేదని అనకండి. ధ్రువాల మీదుగా వెళ్లే విమానాల రేడియోకి, ఉపగ్రహాల ఎలక్ట్రానిక్స్‌కి అది చిన్న విషయం కాదు, ధ్రువాల దగ్గర హెచ్‌ఎఫ్ రోజుల తరబడి పోతుంది. కేపీలో కనబడదంతే.


మచ్చల_లెక్క:

అవును, అంచున జరిగింది కాబట్టి మొదటి రోజే చాలావరకు తేల్చేయొచ్చు. 2003 నవంబర్ 4న వచ్చిన ఫ్లేర్ గోస్ డిటెక్టర్ల కొలత పరిమితే దాటేసింది, తర్వాత ఎక్స్28 అని అంచనా వేశారు, ఇంకా ఎక్కువ అన్నవాళ్లూ ఉన్నారు. అంత పెద్దది పడమర అంచున జరగడంతో సీఎంఈ ముఖ్య భాగం పక్కకు పోయింది, భూమి మీద దాని సైజుకు తగ్గ తుఫానేమీ రాలేదు. అదే గుంపు వారం రోజుల ముందు, మధ్యలో ఉన్నప్పుడు కొట్టినవి మాత్రం హాలోవీన్ తుఫానులుగా చరిత్రలో నిలిచిపోయాయి. ఎక్కడ జరిగిందన్నది ఎంత పెద్దదన్న దానికన్నా ముఖ్యం. ఇక రెండు రోజుల్లో తగులుతుందని రాసినవాళ్లు ఏదో ఒక పాత హెడ్‌లైన్ అచ్చులో పోసినట్టున్నారు, లాస్కో చూసి రాసింది మాత్రం కాదు.


ఎల్1_కాపలా:

టైమింగ్ ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. పైన 43 గంటలని లెక్క వేశారు, అందులో మూడు చిక్కులున్నాయి. మొదటిది, మన వైపే వస్తున్న సీఎంఈని ముందు నుంచి చూస్తే మనకు కనిపించేది అది పక్కలకు విచ్చుకునే వేగం, మన వైపు వచ్చే వేగం కాదు. పక్క నుంచి చూసే ఉపగ్రహం ఉంటే బాగుంటుంది. స్టీరియో జంటను 2006లో అందుకే పంపారు, వాటిలో ఒకటి 2014లో మూగబోయింది, మిగిలినది 2023లో భూమిని దాటుకుని మెల్లగా దూరం జరుగుతోంది. రెండోది, దారిలో మామూలు సౌర గాలి సెకనుకు 400 కిలోమీటర్ల దగ్గర నడుస్తూ ఉంటుంది. వేగంగా వచ్చే సీఎంఈని అది వెనక్కి లాగుతుంది, నెమ్మదిగా వచ్చేదాన్ని ముందుకు ఈడ్చుకుపోతుంది. మూడోది అన్నిటికన్నా మొండిది. ఆ దారిలో నిన్నో మొన్నో ఇంకో సీఎంఈ వెళ్లి ఉంటే గాలి ఊడ్చేసినట్టు ఖాళీగా ఉంటుంది, వెనక వచ్చేదాన్ని ఆపేదేమీ ఉండదు. 1972 ఆగస్టు 4న వచ్చినది 15 గంటల లోపే భూమిని చేరింది, ముందు వెళ్లినవి దారి క్లియర్ చేయడం వల్లే అంటారు. 1859 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త క్యారింగ్టన్ ఫ్లేర్ చూశాక తుఫాను రావడానికి పదిహేడున్నర గంటలు పట్టింది. 2012 జూలై 23న బయల్దేరింది కూడా ఆ రకమే, అదృష్టం కొద్దీ భూమి వైపు కాకుండా స్టీరియో వైపు వెళ్లింది, ఒక రోజు కూడా పట్టలేదు.

అధికారికంగా వాడే డబ్ల్యూఎస్‌ఏ-ఎన్‌లిల్ మోడల్ ఈ గాలిని లెక్కలోకి తీసుకుంటుంది. ఆ రంగుల స్పైరల్ యానిమేషన్ మీరు చూసే ఉంటారు. అయినా పది గంటలు అటూ ఇటూ అవడం మామూలే, ఆరు గంటల్లోపు తేడాతో వస్తే నేను మంచి అంచనా అనే అంటాను. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, ఆ మోడల్‌లో సీఎంఈని సొంత అయస్కాంత క్షేత్రం లేని ముద్దగానే దూర్చుతారు. కాబట్టి అది ఎప్పుడొస్తుంది, ఎంత వేగం, ఎంత సాంద్రత అనే చెప్తుంది. బీజెడ్ గురించి దానికి ఏమీ తెలియదు. జీ4 వాచ్ (ముందస్తు హెచ్చరిక) అని ప్రకటిస్తే, క్షేత్రం కలిసొస్తే జీ4 దాకా వెళ్లొచ్చని దాని అర్థం.


నింగిచూపు:

మరి బీజెడ్‌ని ముందే కొలిచే దారే లేదా? సూర్యుడికి ఇంకా దగ్గరగా ఒక ఉపగ్రహం పెడితే?


ఎల్1_కాపలా:

దగ్గరగా పెడితే అది సూర్యుడి చుట్టూ మనకన్నా వేగంగా తిరిగి పక్కకు వెళ్లిపోతుంది, భూమికీ సూర్యుడికీ మధ్య గీత మీద కదలకుండా నిలబడే చోటు ఎల్1 ఒక్కటే. పార్కర్ ప్రోబ్ 2024 డిసెంబర్ 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరకు వెళ్లింది, 2022 సెప్టెంబర్‌లో ఒక సీఎంఈలోంచే దూసుకెళ్లింది, సైన్సుకి అద్భుతం, కానీ మనకు వార్నింగ్ ఇవ్వడానికి అది ఎప్పుడూ సరైన చోట ఉండదు. సోలార్ ఆర్బిటర్ అప్పుడప్పుడు ఆ గీత మీదకు వస్తుంది, అదృష్టం ఉండాలి. సూర్యుడి మీద ఫిలమెంట్ ఆకారాన్ని, మచ్చల ధ్రువాల్ని చూసి తాడు మెలిక ఎటు తిరిగి ఉంటుందో ఊహించే పద్ధతులున్నాయి, దారిలో అది పక్కకు ఒరిగిపోయిందంటే ఊహ తల్లకిందులు. 2025 మార్చిలో వెళ్లిన పంచ్, నాలుగు చిన్న ఉపగ్రహాలు కలిసి సూర్యుడి నుంచి భూమి వరకు మధ్యలో ఉన్న దారినంతా ఫొటోలు తీస్తున్నాయి, దాంతో రాక టైము మెరుగుపడొచ్చు. పక్క నుంచి చూడ్డానికి యూరప్ వాళ్లు ఎల్5 (భూమి కక్ష్యలోనే భూమికి వెనక ఉండే ఒక స్థిరమైన చోటు) దగ్గర విజిల్ అనే దాన్ని పెట్టాలనుకుంటున్నారు, అది 2030లు వచ్చాక మాట.


పాఠకుడు_77:

నా దగ్గర చిన్న టెలిస్కోపు ఉంది, ఫ్లేర్ దాంతో కనబడుతుందా?


మచ్చల_లెక్క:

మామూలు సోలార్ ఫిల్టర్‌తో మచ్చలు కనబడతాయి, ఫ్లేర్ కనబడటం మహా అరుదు. క్యారింగ్టన్ చూసింది అలాంటి అరుదైన వైట్ లైట్ ఫ్లేర్. ఫ్లేర్లు, ఫిలమెంట్లు చూడాలంటే 656.3 నానోమీటర్ల దగ్గర పనిచేసే హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోపు కావాలి. ఏదైనా సరే, ఫిల్టర్ ముందు, అంటే సూర్యుడి వైపు ఉన్న పెద్ద అద్దం మీద పూర్తిగా కప్పేలా ఉండాలి. కొన్ని పాత టెలిస్కోపులతో ఐపీస్‌కి బిగించే చిన్న నల్ల అద్దం ఇస్తారు, అది ఎండ వేడికి పగులుతుంది, పగిలిన క్షణంలోనే కన్ను పోతుంది. అది ఉంటే చెత్తబుట్టలో వేయండి.

నింగిచూపు గారూ, ఒకటి చెప్పడం మరిచాను. ఈ సైట్లన్నిటిలో టైములు యూటీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఉంటాయి. లాస్కో ఫ్రేమ్ టైము, ఎన్‌లిల్ అంచనా, ఎల్1 గ్రాఫు అన్నీ యూటీలోనే రాసి పెట్టుకోండి, చివర్లో ఒక్కసారే మీ టైముకి మార్చుకోండి, లేకపోతే షాక్ వచ్చి వెళ్లిపోయాక గ్రాఫు తెరుస్తారు.


నింగిచూపు:

సరేనండీ. ఇప్పుడు తూర్పు అంచు నుంచి ఒక పెద్ద గుంపు తిరుగుతూ వస్తోంది, మధ్యకు రావడానికి ఇంకో వారం పడుతుంది కదా. ఏదైనా విసిరితే ఫ్రేములు, నా లెక్క ఇక్కడే పెడతాను, చూసి చెప్పండి.